రాజభక్తి ఎకరం ఎంత?

రాజభక్తిని తూచడానికి తక్కెడ లేదని బాధపడేవారు కెనడాలోని న్యూ బ్రన్స్‌విక్ రాష్ట్ర చరిత్ర తిరగేయాలి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటన్ రాజు పక్షాన నిలిచినవాళ్లు, అంటే రాజభక్తులు, చేరిన చోటది. అక్కడ దాన్ని ఎకరాల్లో కొలిచారు.

మన కథానాయకుడు ఎడ్వర్డ్ విన్‌స్లో. అమెరికాలోని ప్లిమత్ పెద్దింటి బిడ్డ, హార్వర్డ్‌లో చదువుకున్నవాడు, ఇంగ్లండ్ నుంచి తొలి వలసదారులను తెచ్చి ప్లిమత్‌లో దించిన మేఫ్లవర్ ఓడవారి వంశం. 1769లో మిత్రులతో ఓల్డ్ కాలనీ క్లబ్ పెట్టి, పూర్వీకులు ఓడ దిగి ఒడ్డెక్కిన రోజును విందు చేసి మరీ జరిపాడు. ఆ పూర్వీకులు రాజుగారి చర్చి పోరు పడలేక దేశం విడిచినవాళ్లే. విందులో అది ఎవరి గొంతుకూ అడ్డం పడినట్టు లేదు.

1775లో లెక్సింగ్టన్ దగ్గర స్వాతంత్ర్య యుద్ధపు తొలి తుపాకులు పేలాక ఈయన రాజు సైన్యం వైపు నిలబడ్డాడు. మరుసటి మార్చిలో ఆ సైన్యం బోస్టన్ ఖాళీ చేసింది. ఊరు వదిలేటప్పుడు మనబోటివాళ్లం చెంబూ తప్పేలా సర్దుకుంటాం. విన్‌స్లో మాత్రం గవర్నరు సలహా మండలి (కౌన్సిల్) గోడమీది రాజచిహ్నం పట్టుకుపోయాడని చెబుతారు. న్యూ బ్రన్స్‌విక్‌లోని సెయింట్ జాన్ నగరపు ట్రినిటీ చర్చిలో ఇప్పటికీ చూడొచ్చు.

యుద్ధమంతా రాజభక్త దళాల హాజరుపట్టీ ఆయన చేతిలోనే ఉంది. 1783కల్లా రాజు ఓడిపోయాడు. అదే అదనుగా 55 మంది రాజభక్త పెద్దమనుషులు అర్జీ పెట్టుకున్నారు: పోగొట్టుకున్న హోదాకు తగ్గట్టు, ఉత్తరాన బ్రిటన్‌కు మిగిలిన వలస ప్రాంతం నోవా స్కోషియాలో తలా 5,000 ఎకరాలు ఇప్పించండి. అంటే మొత్తం 2,75,000. విన్‌స్లో ప్రాణమిత్రుడు వార్డ్ చిప్‌మన్ సంతకమూ అందులో ఉంది. మామూలు శరణార్థికి ఇంటి యజమానిగా 100, ఇంట్లో ఒక్కో మనిషికి మరో 50. ఐదువేలవాడి భక్తి అంత గాఢమైనదన్నమాట. వంద ఎకరాలవాడికి ఈ లెక్క నచ్చలేదు. ఎలియాస్ హార్డీ అనే న్యాయవాది రాసిపెట్టిన ఎదురు అర్జీ మీద 600 మందికి పైగా సంతకాలు చేశారు. పాపం, ఆ 55 మందీ పారిపోయి వచ్చింది ఇలాంటి జనం నుంచే కదా!

విన్‌స్లోకు ఇంకా పెద్ద ఉపాయం తట్టింది. నోవా స్కోషియాను చీల్చి కొత్త రాష్ట్రం చేస్తే గవర్నరు కావాలి, కౌన్సిల్ కావాలి, కార్యదర్శులు కావాలి. పదవులు లేక పెద్దమనుషులు చిక్కిపోతున్న కాలం మరి. 1784లో న్యూ బ్రన్స్‌విక్ పుట్టింది. భూమ్మీద ఇంత పెద్దమనిషితరహా ప్రభుత్వం ఇంకోటి ఉండదని ఆయన మురిసిపోయాడు, కౌన్సిల్లో కూర్చున్నాడు.

మర్యాద ఏడాదిలోనే బయటపడింది. 1785 ఎన్నికల్లో సెయింట్ జాన్ దిగువ రేవు జనం సర్కారు మనుషుల్ని ఓడించారు. కొట్లాట, సైనికులు, అరెస్టులు అయ్యాక షెరీఫ్ ఓట్లు వడపోసి ఓడినవాళ్లనే గెలిపించాడు. మరుసటి ఏడాది, జనం గుమిగూడి అర్జీలు పెట్టకుండా చట్టం తెచ్చారు. తలా ఐదువేలు అడిగిన అర్జీ ముందే దాఖలైపోయింది గనుక ఇబ్బంది లేదు. రాజు మాట నమ్మి వచ్చిన నల్లజాతి రాజభక్తులకైతే అదే 1785లో నగర చార్టరు (ఊరి పాలనా పత్రం) రేవులో చేపలు పట్టే హక్కు కూడా లేకుండా చేసింది. వాళ్ల భక్తిని ఎకరాల్లో కొలవడానికి ఎవరికీ పెద్దగా చేయి రాలేదు.

విన్‌స్లోకు పదవులైతే చాలానే వచ్చాయి, జీతాలే చాల్లేదు. న్యాయశాస్త్రం చదవకుండానే రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు. 1808లో కొన్నాళ్లు రాష్ట్రాన్నీ ఏలాడు. 1815లో అప్పులతో కన్నుమూశాడు. రాజచిహ్నాన్ని తాకట్టు పెట్టినా నాలుగు రాళ్లు వచ్చేవేమో. ఆ పని మాత్రం చేయలేదు.