ఇన్వర్టర్ ఉంటే యూపీఎస్ దండగేనా?

ఎండాకాలం గాలిదుమారాలు మొదలుకాగానే వరంగల్, హనుమకొండ దిక్కు ఈ ముచ్చట ఫోన్లలో తిరుగుతుంది: "ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కంప్యూటర్‌కు యూపీఎస్ దండగ. స్పైక్ గార్డ్ చాలు. ఎస్‌ఎస్‌డీలు (తిరిగే డిస్కు లేని కొత్త రకం స్టోరేజీ) వచ్చినంక కరెంటు పోయినా నష్టం లేదు." ఇది నమ్మితే నష్టపోయేది మీ పనే.

ముందు ఇన్వర్టర్. కరెంటు పోయినప్పుడు ఎంత తొందరగా బ్యాటరీ మీదికి మారుతుందన్నదే అసలు లెక్క. నిండు లోడు మీద కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్ (లోపల భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) ఓర్చుకునేది సుమారు 16 మిల్లీసెకన్లు. మామూలు మోడ్‌లో ఇన్వర్టర్‌కు అంతకు రెట్టింపు పట్టొచ్చు. ఫ్యాన్లకు ఏమీ కాదు, కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటుంది. అటు వేస్తే 10 మిల్లీసెకన్ల దగ్గరికొస్తుంది. సైన్‌వేవ్ ఇన్వర్టర్ (మెయిన్ కరెంటు లాంటి అలనే ఇచ్చేది) అయి, కంప్యూటర్ ప్లగ్గు ఇన్వర్టర్ లైన్‌లోనే ఉంటే యూపీఎస్ నిజంగానే అక్కర్లేదు. పరీక్ష తేలికే: ఫైళ్లు సేవ్ చేసి మూసేయండి, ఏదైనా వీడియో నడుస్తుండగా మెయిన్ ఎంసీబీ దించండి. నాలుగైదుసార్లు చేసినా ఆగకపోతే మీ డబ్బు మిగిలినట్టే.

ఒక చిక్కుంది. ఆ మోడ్‌లో వోల్టేజీ సుమారు 180 కిందికి పడితే ఇన్వర్టర్ బ్యాటరీకి మారిపోతుంది. సాయంత్రం పూట లో వోల్టేజీ ఉండే ఊళ్లలో కరెంటు ఉండగానే బ్యాటరీ ఖాళీ అవుతుంది. అక్కడ లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్సే మేలు. అది తక్కువ వోల్టేజీని బ్యాటరీ ముట్టకుండానే పెంచి ఇస్తుంది.

స్పైక్ గార్డ్ ఆపేది క్షణంలో వచ్చిపోయే స్పైకులనే. ఎర్తింగ్ లేని ఇంట్లో అదీ సగమే. న్యూట్రల్ తెగి 230 కాస్తా 400 దాకా పోతే లోపల స్పైకులను మింగే ఎంవోవీ అనే భాగం మాడిపోతుంది. పిడుగుకు ఏదీ అడ్డం కాదు: ప్లగ్గుతో పాటు ల్యాన్ వైరూ పీకెయ్యాలి.

ఎస్‌ఎస్‌డీలో ఫైల్ సిస్టమ్ నిలబడొచ్చు, సేవ్ చేయని పని మాత్రం నిలవదు. బయోస్ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డే మూలన పడొచ్చు.

కొనేవాళ్లకు మామూలు డెస్క్‌టాప్, మానిటర్‌కు 600 వీఏ సరిపోతుంది, అంటే సుమారు 360 వాట్లు. లోపలుండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ. ఇచ్చేది పది పదిహేను నిమిషాలే, సేవ్ చేసి షట్‌డౌన్ చేసుకోవడానికి. లేజర్ ప్రింటర్ దానికి తగిలించొద్దు. వేడి 10 డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగమవుతుంది, పడమటి గోడకు ఆనించి పెట్టకండి.

ల్యాప్‌టాప్‌కు ఇదేమీ వద్దు. రూటర్‌కు చిన్న డీసీ యూపీఎస్ చాలు. అడాప్టర్ మీద 9 వోల్టులో 12 వోల్టులో చూసి కొనండి.