సోడియం బ్యాటరీని చేనులో పూడ్చమనే మెసేజ్‌ను నమ్మకండి

నల్లగొండ, మిర్యాలగూడ వైపు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "సోడియం అయాన్ బ్యాటరీలో ఉండేది వంటింటి ఉప్పే. పాడైతే చేనులో గుంత తీసి పూడ్చండి. విప్పినా అందులో దొరికేదేమీ లేదు. రీసైక్లింగ్ చేయించాలని ఏ చట్టమూ లేదు." ఇదీ దాని సారం. సోడియం అయాన్ అంటే లిథియం బదులు సోడియంతో పనిచేసే కొత్త రకం బ్యాటరీ.

ముందు ఉప్పు సంగతి. చాలా సోడియం సెల్స్‌లో ఎలక్ట్రోలైట్‌ (లోపల విద్యుదావేశాన్ని మోసే ద్రవం) కోసం వాడే లవణం సోడియం హెక్సాఫ్లోరోఫాస్ఫేట్. దాన్ని మండే గుణమున్న ద్రావకాల్లో కరిగించి పోస్తారు. సెల్ పగిలి తేమ తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషపదార్థం పుడుతుంది, నీళ్లలో కలిస్తే అదీ ఫ్లోరైడే. ఫ్లోరైడ్ ఏం చేస్తుందో మర్రిగూడ, మునుగోడు వాళ్లకు ఒకరు చెప్పాలా? రాళ్ల పొరల్లోంచి నీళ్లలోకి దిగిన ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిపోయిన మనుషులున్న జిల్లా ఇది. పటిక, సున్నం వేసి దాన్ని తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. ఒక్క బ్యాటరీతో బోరు చెడిపోతుందని నేననను. కానీ తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడని పదార్థాన్ని చేతులారా తెచ్చి బోరు పక్కన పూడ్చమంటే ఎట్లా ఒప్పుకుంటాం?

కొన్ని రకాల్లో నికెల్, మాంగనీసు ఉంటాయి. ప్రష్యన్ బ్లూ అనే నీలి రంగు పదార్థం వాడే రకంలో ఇనుముతో గట్టిగా ముడిపడిన సయనైడ్ ఉంటుంది. మామూలుగా అది కదలదు, మంటల్లో పడితే విషవాయువు వస్తుంది. చెత్తతో కలిపి తగలబెట్టడం పూడ్చడం కన్నా ఘోరం.

"దొరికేదేమీ లేదు" అన్నదాంట్లో కొంత నిజముంది. లిథియం, కోబాల్ట్ ఉండవు. సోడియం అల్యూమినియంతో కలవదు కాబట్టి లిథియం సెల్‌లో ఒకవైపు ఉండే రాగి రేకు బదులు రెండు వైపులా అల్యూమినియం రేకే వాడతారు. అల్యూమినియం, కొన్ని రకాల్లో నికెల్ తీయొచ్చు గానీ మిగిలేది తక్కువ. నా భయమంతా ఇక్కడే. పాత ఇన్వర్టర్ బ్యాటరీని ఎవరూ పారేయరు. సీసానికి ధర ఉంది, స్క్రాప్ వాళ్లు ఇంటికొచ్చి కొంటారు. సోడియం బ్యాటరీకి ఆ గిరాకీ రాదు, అది చెరువు కట్ట కిందికి చేరుతుంది. ధర లేని వస్తువును వెనక్కి రప్పించడానికే చట్టం అవసరం.

ఆ చట్టం ఉంది కూడా. 2022 బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు ఏ రసాయనంతో చేసిన బ్యాటరీకైనా వర్తిస్తాయి. సేకరించి రీసైక్లింగ్ చేయించే బాధ్యత తయారీదారు, దిగుమతిదారులదే. పూడ్చడం, కాల్చడం కుదరదు.

మహబూబ్‌నగర్ దగ్గరి దివిటిపల్లి బ్యాటరీ ఫ్యాక్టరీకి ఇచ్చేద్దామనే వాళ్లూ ఉన్నారు. అక్కడ అమరరాజా కడుతున్నది లిథియం సెల్స్ కోసం. లిథియం కుప్పలో సోడియంవి కలిస్తే రీసైక్లింగ్ చేసేవాళ్లకే ఇబ్బంది.

పాడైనదాన్ని విప్పకండి. వాన తగలని చోట విడిగా పెట్టి, బిల్లుతో సహా కొన్న డీలర్‌కే ఇవ్వండి. తీసుకోనంటే కంపెనీకి రాయండి, కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు చేయండి. సోడియం సెల్స్‌ను సున్నా వోల్టుల దాకా ఖాళీ చేసి రవాణా చేయొచ్చన్నది నిజమే. ఆ పని తెలిసినవాళ్లది, ఇంట్లో తీగలు కలిపి చేసేది కాదు.