297 జాబులు, 99 శాతం ప్రగతి

గాజువాక ఆటోనగర్‌లో కంప్యూటర్ నడిపే మెషిన్లతో లోహపు భాగాలు కోసే ఓ సీఎన్‌సీ షెడ్డుకు డిజిటల్ యోగం పట్టిందనుకుందాం. శాస్త్ర ప్రకారం ముందు ఎండీ గారి గదిలో 55 అంగుళాల టీవీ బిగించాలి. మెషిన్ కింద కారుతున్న కూలెంట్, అదే చల్లబరిచే ద్రవం, సంగతి తర్వాత. అదెలాగూ టీవీలో కనబడదు.

కనబడేది ఓఈఈ, అంటే మెషిన్ మొత్తం సామర్థ్యం చెప్పే అంకె. మెషిన్ నడిచిన కాలం, వేగం, మంచి జాబుల (తయారైన భాగాల) వంతు, ఈ మూడింటి గుణకారం. ఎనిమిది గంటల షిఫ్టులో భోజనానికీ టీకీ 30 నిమిషాలు పోతే 450. అందులో 90 నిమిషాలు మెషిన్ ఆగింది, అంటే నడిచింది 80 శాతం. నిమిషానికొకటి చొప్పున 360 జాబులు రావాల్సిన చోట 306 వచ్చాయి, 85 శాతం. తొమ్మిది రిజెక్టు పోగా మంచివి 297, అంటే 97 శాతం. మొత్తం గుణిస్తే 66.

టీవీ ఎర్రబడింది, ఎండీ గారూ ఎర్రబడ్డారు. అసలు పరివర్తన ఇక్కడే మొదలవుతుంది. ఆ 90 నిమిషాల్ని ‘ప్లాన్డ్ మెయింటెనెన్స్’ గడిలోకి జరపండి. చెప్పి ఆగినదాన్ని ఆగడం అనరు కదా! 450 కాస్తా 360 అయి, ఓఈఈ 82.5కి ఎక్కుతుంది. ఆశ తీరకపోతే సైకిల్ టైము, అంటే ఒక్కో జాబుకు పట్టాల్సిన సమయం, 60 సెకన్ల నుంచి 72 చేయండి. 99! వేగం 102 శాతమని చూపిస్తుంది, కంగారు వద్దు. ‘సిబ్బంది అంకితభావం’ అని స్లైడ్ పెట్టండి. లారీ ఎక్కేవి మాత్రం ఆ 297 జాబులే.

కంప్యూటర్ యుగం అంతటా కనిపిస్తోంది, ఉత్పాదకత లెక్కల్లో తప్ప అని 1987లో అర్థశాస్త్రవేత్త రాబర్ట్ సోలో అన్నాడు. పాపం, సైకిల్ టైము మార్చే పాస్‌వర్డ్ ఆయనకెవరూ ఇచ్చినట్టు లేదు.

ఆ 90 నిమిషాలు ఎందుకు పోయాయని అడగడం మర్యాద కాదు. లోహాన్ని కోసే ఇన్సర్టు (మార్చుకునే కత్తిబిళ్ల) అంచు అరిగింది. స్టోర్సులో చూస్తే సాఫ్ట్‌వేర్ నిల్వ 40, అరలో సున్నా. రాత్రి షిఫ్టు వాళ్లు తీసుకున్నారు, ఎంట్రీ పడలేదు. ‘‘కంప్యూటర్లో ఉన్నవే బిగించీమంటారేటండీ?’’ అని ఆపరేటర్ అడిగితే దాన్ని క్రమశిక్షణారాహిత్యం అంటారు. మెషిన్ పక్కన డబ్బాలో పది ఇన్సర్టులు ఉంచి, ఐదుకు దిగగానే స్టోర్సుకు చీటీ పంపితే సరిపోయేది. కానీ డబ్బాకు లాగిన్ ఉండదే! ఇక నూనె చేతులతో ట్యాబ్‌లో మెషిన్ ఆగడానికి 42 కారణాల జాబితా తెరిచిన ఆపరేటర్ మొదట కనిపించిన ‘ఇతరములు’ నొక్కాడు. నెలాఖరుకు నష్టాల్లో ప్రథమ స్థానం ‘ఇతరములు’దే. దాని నివారణకు ఒక కమిటీ.

సెన్సర్ల సంగతీ ఒక మాట. సముద్రపు ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా కంప్రెసర్ మోటారుకు పూత మీద పూత పెయింటు వేశారు. ఆ పెయింటు మీదే వైబ్రేషన్ సెన్సర్‌ను అయస్కాంతంతో అతికించారు. బేరింగు తొలి పగులును పట్టిచ్చేవి హై ఫ్రీక్వెన్సీ కంపనాలు. సెన్సరుదాకా రాకుండా పెయింటే వాటిని చాలావరకు మింగేస్తుంది. కంపన వేగానికి అలారం హద్దు సెకనుకు 4.5 మిల్లీమీటర్లు. రోజూ మోగి విసిగిస్తోందని 9కి పెంచి, అందరికీ సర్క్యులర్ పంపారు. బేరింగుకు అందలేదు.