నిందితుడు కంపైలర్

నియంత్రణ సాఫ్ట్‌వేర్‌లో ఏ దోషం బయటపడినా మొదటి ముద్దాయి, మేము రాసిన కోడ్‌ను యంత్రభాషలోకి మార్చే కంపైలరే కావాలని మేము ఎంతో కాలంగా వాదిస్తున్నాము. మా వాదనకు బలమైన సాక్ష్యం కూడా ఉంది. ఆపరేటర్ మీట నొక్కగానే ఒక త్రెడ్ (ప్రోగ్రాములో మిగతావాటితో ఏకకాలంలో నడిచే ఒక పనుల వరుస) ‘ఆగు’ అనే మామూలు చరరాశిలో ఒకటి అనే విలువ వేస్తుంది. రెండో త్రెడ్ ఖాళీ లూప్‌లో తిరుగుతూ ఆ చరరాశినే కనిపెట్టుకుని ఉండి, అది మారిన వెంటనే మోటారును ఆపాలి. దోషాలు వెతకడానికి కోడ్‌ను ఉన్నదున్నట్టు కంపైల్ చేసిన డీబగ్ బిల్డ్‌లో మోటారు బుద్ధిగా ఆగింది. ఆప్టిమైజేషన్, అంటే వేగం కోసం కోడ్‌ను మెరుగులు దిద్దే పని, పెట్టి కంపైల్ చేసిన బిల్డ్‌లో మాత్రం తిరుగుతూనే ఉంది.

విచారణలో తేలినది ఇది. ఆ లూప్ లోపల ‘ఆగు’ను ఎవరూ మార్చడం లేదని కంపైలర్ గమనించి, దాని విలువను లూప్‌కు ముందే ఒక్కసారి ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ స్థానమైన రిజిస్టరులోకి చదువుకుని, ఆపైన మెమరీ వైపు తొంగి చూడడమే మానేసింది. రెండు త్రెడ్లు ఒకే సాధారణ చరరాశిని, వాటిలో ఒకటైనా రాస్తూ, ఏ సమన్వయమూ లేకుండా తాకితే అది డేటా రేస్ అవుతుందనీ, అటువంటి ప్రోగ్రాము ఎలా నడవాలో తాము చెప్పబోమనీ సీ, సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామింగ్ భాషల ప్రమాణాలు 2011లోనే తేల్చేసిన మాట నిజమే. కాని మేము రాసినది కాకుండా మా మనసులో ఉన్నది చదవడం కంపైలర్ కనీస ధర్మం కాదా?

ఈ దుర్మార్గానికి విరుగుడుగా మా వర్గంలో మూడు చికిత్సలు ప్రచారంలో ఉన్నాయి. లూప్‌లో తెరపై సందేశం చూపించే ప్రింట్‌ఎఫ్ అనే ఫంక్షన్‌ను చేర్చడం మొదటిది. ఆ ఫంక్షన్ లోపల ఏమి జరుగుతుందో కంపైలర్‌కు తెలియదు గనుక అది భయపడి చరరాశిని మళ్లీ మెమరీ నుంచి చదువుతుంది, దోషం మాయమవుతుంది. పక్కన ‘ఈ వరుసను తొలగించరాదు’ అని వ్యాఖ్య రాస్తే చాలు, ముందు తరాలు దానిని భయభక్తులతో కాపాడుకుంటాయి.

రెండవది వోలటైల్ అనే తాయెత్తు. బయటి పరికరాల హార్డ్‌వేర్ రిజిస్టర్ల కోసం పుట్టిన ఈ పదం ప్రతి చదువునూ, ప్రతి రాతనూ నిజంగా జరిపిస్తుంది, అంతే. ఆ చదువులూ రాతలూ విడదీయరానివిగా జరుగుతాయని గాని, చుట్టూ ఉన్న మామూలు రాతలు వరుస తప్పవని గాని హామీ ఇవ్వదు. అయినా ముందు సెట్‌పాయింట్ (యంత్రం చేరవలసిన లక్ష్య విలువ) రాసి తరువాత ‘సిద్ధం’ అని జెండా ఎత్తే మా కోడ్ ఎక్స్86 ప్రాసెసర్ మీద ఏళ్ల తరబడి నడిచింది, ఎందుకంటే అది రాతల వరుసను సాధారణంగా మార్చదు. అదే కోడ్‌ను, రాతల వరుసను మార్చగల ఆర్మ్ ప్రాసెసర్ మీదికి తరలించినప్పుడు జెండా కొత్తది, సెట్‌పాయింట్ పాతది కనిపించింది. దీనితో ప్రాసెసర్‌ను కూడా రెండో ముద్దాయిగా చేర్చాము.

మూడవది ఆప్టిమైజేషన్‌ను పూర్తిగా నిషేధించడం. పది మిల్లీసెకన్లలో ముగియవలసిన స్కాన్ సైకిల్ (నియంత్రణ కోడ్ ఒక చుట్టు నడవడం) పన్నెండుకు చేరి, ఆలస్యాన్ని కనిపెట్టే వాచ్‌డాగ్ టైమర్ యంత్రాన్ని రీసెట్ చేస్తే చేయనివ్వండి. యంత్రం ఆగాలనే కదా మనం మొదట కోరుకున్నది!

మా సిద్ధాంతానికి ఒకే ఒక చిక్కు ఉంది. 1985, 1987 మధ్య థెరాక్-25 రేడియేషన్ యంత్రం ఆరుగురు రోగులకు ఉండవలసిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదులు ఇచ్చింది. అందులో పంచుకున్న చరరాశులను సమన్వయం లేకుండా వాడడం వల్ల పుట్టిన రేస్ దోషాలున్నాయి. ఆ సాఫ్ట్‌వేర్‌ను పీడీపీ-11 అనే కంప్యూటరు అసెంబ్లీ భాషలో, అంటే దాదాపు యంత్రభాషలోనే రాశారు. అంటే నింద మోపడానికి అక్కడ ఆప్టిమైజ్ చేసే కంపైలరే లేదు. ఈ అంశాన్ని మా అభియోగపత్రంలో చేర్చలేదు.

ఇంతలో కొత్తగా చేరిన ఒక ఇంజనీరు, చరరాశిని ఆటమిక్‌గా, అంటే త్రెడ్ల మధ్య సమన్వయంతో వాడేదిగా ప్రకటిస్తే లూప్ ప్రతిసారీ దానిని చదువుతుందనీ, జెండాకు ముందు రాసిన సెట్‌పాయింట్ కూడా జెండాను చూసిన త్రెడ్‌కు కనిపిస్తుందనీ సూచించి, ఓ2 అనే ఆప్టిమైజేషన్ స్థాయిలోనే కంపైల్ చేసి, ఆర్మ్ మీదనే మోటారును ఆపి చూపించాడు. ఒక్క మాటతో సమసిపోయే వివాదం కోసం మేము ఇన్నేళ్లు పోరాడలేదు గనుక ఆ సవరణను తిరస్కరించి, అతనికి ప్రింట్‌ఎఫ్ వరుసల కాపలా అప్పగించాము.