పుట్టీ డబ్బా గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ పుట్టీ డబ్బా గారికి,

శ్రీకాకుళం నుంచి ఒక 1984 మోడల్ ప్రీమియర్ పద్మిని తాలూకు వారసుడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టాలి గానీ మీరు అక్కడెక్కడో లేరు కదా, ఇక్కడే ఉన్నారు, కారు సొట్టల్లో పూసి నున్నగా చేసే ముద్ద కదా మీరు, మా కారు నిండా మీరే ఉన్నారు. ఆ మాట చెప్పడానికే ఈ ఉత్తరం.

అసలు దీన్ని తుప్పుకి రాద్దామనుకున్నాను. రెండు నెలల కింద కారు మీద టార్పాలిన్ తీసినప్పుడు నా కోపమంతా దాని మీదే, తిట్లు కూడా వరసగా పేర్చి పెట్టుకున్నాను. తీరా పని మొదలెట్టాక తెలిసింది, తుప్పు శత్రువే గానీ మర్యాదస్తుడు. మా జిల్లాకి 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. నాన్నకి ఆరేళ్ళు కళింగపట్నంలో ఉద్యోగం, వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లోనే క్వార్టర్సు, షెడ్డు లేదు, కారు ఆరుబయటే పడుకునేది. ఇనుముకి తుప్పు పట్టాలంటే నీళ్ళూ గాలీ చాలు, ఆ నీళ్ళలో ఉప్పు కూడా కలిసిందంటే పని జోరందుకుంటుంది. దానికి ఎవర్నని తిడతాం? పైగా తుప్పు చెప్పి మరీ వస్తుంది. తుప్పుగా మారిన ఇనుము ముందున్న చోట సరిపెట్టుకోదు, కొన్ని రెట్లు ఉబ్బుతుంది, అందుకే పెయింటు కింద మొదట ఆవగింజంత పొక్కు, కొన్నాళ్ళకి శనగబద్దంత, ఆపైన నూనెలో వేసిన అప్పడంలా లేస్తుంది. తలుపు కొట్టి "నేనొచ్చాను, చూసుకో" అని వచ్చే దొంగని ఏమంటాం చెప్పండి.

మీ పద్ధతి వేరు. ఆ తలుపుకి గోడ కట్టి, గోడకి సున్నం కొట్టి, ఇక్కడ తలుపే లేదు పొమ్మంటారు. ఇక్కణ్ణుంచి నిన్ను నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు, నా దగ్గరున్న గౌరవం ఆ వెనక మడ్‌గార్డు విప్పిన రోజే అయిపోయింది.

ఆ రోజు సంగతి చెప్తాను. మా వీధి చివర ఒక మేస్త్రి మావ ఉన్నాడు, నలభయ్యేళ్ళు టింకరింగ్, అంటే బళ్ళ రేకుల సొట్టలు తీసే పని చేసి, కళ్ళు మందగించి మానేశాడు, సాయంత్రాలు నా పని చూడ్డమే ఇప్పుడాయన కాలక్షేపం. "రేకైతే అయస్కాంతం అంటుకుంటాది బావు, పుట్టీ అయితే జారిపోతాది, అంతే సూత్రం" అన్నాడు. ఫ్రిజ్ తలుపు మీదున్న అయస్కాంతం పట్టుకొచ్చి బానెట్ మీద పెట్టాను, టక్కున అతుక్కుంది. డ్రైవర్ డోర్ పై సగం పట్టింది, కింది సగం జారింది. వెనక ఎడమ చక్రం పైన పెడితే తిన్నగా వచ్చి నా చెప్పు మీద పడింది. తీసి మళ్ళీ పెట్టాను, మళ్ళీ చెప్పు మీదే. "ఏటి మావా ఇది?" అంటే బీడీ ఆర్పి, "అది కారు కాదు బావు. వినాయకుడి బొమ్మ" అన్నాడు.

ఉలీ సుత్తీ తెచ్చుకుని పీట వేసుకు కూర్చున్నాను. మూడో దెబ్బకి అరచెయ్యంత పెచ్చు ఊడి పడింది, పింగాణీ పళ్ళెం పగిలినట్టు చప్పుడు. అంచు చూస్తే మడత కాజాని అడ్డంగా కోసినట్టు పొరలు. పైన నీలం రంగు, కింద బూడిదరంగులో నువ్వు, దాని కింద తెలుపు, మళ్ళీ పసుపుపచ్చగా నువ్వు, రెడ్ ఆక్సైడ్, అన్నిటికీ అడుగున గోరంత మేర కారు పుట్టినప్పటి క్రీమ్ రంగు. స్కేలు పెట్టి కొలిచాను, పదకొండు మిల్లీమీటర్లున్నావు. కారు రేకేమో మిల్లీమీటరుకి అటూ ఇటూ. సొట్ట తీశాక మిగిలిన ఎగుడుదిగుడు సర్దడానికి రెండు మూడు మిల్లీమీటర్లు వెయ్యాల్సినవాడివి, రేకు మీద పది రెట్లు పెత్తనం చేస్తూ కూర్చున్నావు.

పెచ్చు వెనక రేకు కనిపిస్తుందనుకున్నాను. లేదు. ఉండ చేసి కూరిన న్యూస్ పేపరు ఉంది. తడిసీ ఎండీ, తడిసీ ఎండీ అట్టలా గట్టిపడి నీకు అచ్చులా తయారైంది. చిరగకుండా మెల్లగా విప్పితే ఉల్లిపాయల ధర మండిపోతోందని సగం వార్త, పక్కన చీరల షాపు ప్రకటనలో ఒకావిడ చెయ్యి. ఉల్లి అంతగా ఏడిపించింది అంటే 1998. మా ఇంట్లో 1998 అంటే అక్క పెళ్ళి.

ఆ పేపరు వెనక మాత్రం తుప్పే. నువ్వు దుప్పటి కప్పి పడుకోబెట్టిన పాతికేళ్ళూ అది నిద్రపోలేదు, తింటూనే ఉంది. నీ జాతకం నాకు తెలీదనుకోకు. నీలో పెద్ద పాలు టాల్క్, మొహాలకి రాసుకునే పౌడర్లో వేసే రాయి పొడే అది, మిగతాది పాలిస్టర్ రెసిన్. వందకి రెండు పాళ్ళు హార్డెనర్ కలిపితే మా ఎండకి అయిదు నిమిషాల్లో రాయివైపోతావు, పని తొందరగా అవ్వాలని ఎక్కువ కలిపారంటే రంగు వేశాక కూడా మచ్చై పైకి తేలతావు. అంతా బాగానే ఉంది గానీ నువ్వు తడి పీలుస్తావు. తుప్పు మీద నిన్ను పూస్తే అది చావదు సరికదా, దానికి కావలసిన చెమ్మ నువ్వే దాచిపెట్టి అందిస్తావు. డోర్ల అడుగున నీళ్ళు కారిపోవడానికి కంపెనీవాళ్ళు ఉంచిన చిన్న చిన్న కన్నాలుంటాయి, వాటిని కూడా వదల్లేదు, నున్నగా పూడ్చేశావు. అద్దం సందులోంచి దిగిన వాననీళ్ళు ఎటు పోతాయి? పోలేదు. డోరు విప్పితే అడుగున చెరువుమట్టి, ఒక నత్తగుల్ల. పేరేమో చిత్తోడు రాణిది, మొహానికి కేజీలకొద్దీ పౌడరు, చీర కుచ్చిళ్ళలో నత్తలు.

టాపు కథ ఇంకోటి. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి తోటలకీ జీడి తోటలకీ జరిగిన నష్టం ముందు మాదొక నష్టమే కాదు, ఒక కొబ్బరిమట్ట టాపు మీద పడి గిన్నెలోతు సొట్ట పడిందంతే. సీలింగ్ బట్ట విప్పి లోపల్నుంచి కొడితే గంటలో పైకొచ్చే సొట్ట. అప్పటి మేస్త్రి ఆ గిన్నెలో నిన్ను నింపి, తాపీపని వాడు గచ్చు తీసినట్టు లెవెల్ తీసి, పైన నీలం కొట్టి ఇచ్చాడు. ఊడదీశాక అమ్మ అరిసెల పిండి తూచే కాటా మీద పెట్టాను, కేజీ నాలుగొందలు. మొత్తం కారు మీంచి దింపింది తొమ్మిది కేజీలు. ఆ కాటాని అమ్మ ఇంక వంటింట్లోకి రానివ్వనంది.

ఈమధ్య నాకు రోడ్డు మీదికి వెళ్తే అంతా నువ్వే కనిపిస్తున్నావు. మంత్రిగారు వస్తున్నారంటే ముందు రాత్రి గుంతల్లో పోసే కంకర పొడి నువ్వే. పెళ్ళిచూపులకి ముందు రోజు చెమ్మ గోడ మీద కొట్టే డిస్టెంపరు నువ్వే. మా ఊళ్ళో ఏడు రోడ్ల జంక్షన్ దాకా నడిస్తే చాలు, ఒక చేతిలో అయస్కాంతం ఉంటే బాగుణ్ణనిపిస్తుంది. పైన పటారం లోన లొటారం అని పెద్దలు అన్నప్పుడు నువ్వింకా డబ్బాలో రాలేదు గానీ, వాళ్ళు నిన్ను చూసే ఉంటారు.

సరే, ఆ ఉల్లిపాయల పేపరు ముక్క అరుగు మీదున్న నాన్న దగ్గరికి తీసుకెళ్ళాను. చూడండి నాన్నా, మేస్త్రి ఎంత మోసం చేశాడో అని రెచ్చిపోయాను. కళ్ళజోడు పైకి తోసుకుని కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, తేదీ దొరక్క, "పేపరు నేనే ఇచ్చాన్రా" అన్నారు.

పెళ్ళికి నాలుగు రోజులుంది. కుళ్ళిన రేకు కోసి మాటు వెయ్యాలంటే పది రోజులు, ఆరు వేలు అన్నాట్ట. నీతో అయితే రెండు రోజులు, పద్దెనిమిది వందలు. శ్రీకాకుళం రోడ్ స్టేషన్, అదే ఆమదాలవలసలో, రైలు దిగే పెళ్ళికొడుకుని అందులోనే తీసుకురావాలి. "ఏదైనా కూరడానికి ఉందా సార్ అంటే ఆ రోజు పేపరు చదివేసి ఇచ్చేశాను. ఫోటోల్లో బాగానే వచ్చింది కదా" అన్నారు. వచ్చింది. ఆల్బమ్ తీసి చూశాను. బంతిపూల దండలు కట్టిన పద్మిని, పక్కన బావగారు నవ్వుతూ, చెయ్యి సరిగ్గా ఉల్లిపాయల వార్త మీద ఆనించి.

ఇంతకీ నాకెందుకీ పాట్లు అంటావా? 2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్ళు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే ఫీజు 600 కాస్తా 5000 అయింది. అదే యాభై ఏళ్ళు నిండితే వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. అంటే మా పద్మిని 2034 దాకా తుక్కు, ఆ తర్వాత సంపద. కాకపోతే బాడీలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదని అందులో ఒక షరతుంది. తొమ్మిది కేజీల నిన్నూ ఒక దినపత్రికనీ మార్పు కింద లెక్కేస్తారా, లేదా అని ఆఫీసులో అడిగే ధైర్యం నాకు లేదు.

అందుకే నువ్వు లేకుండానే చేద్దామని పంతం పట్టాను. బ్యాటరీ వైరు పీకి, పెట్రోలు ట్యాంకు దింపి పక్కింటి వాళ్ళ గోడ అవతల పెట్టి, గ్రైండరు పట్టుకున్నాను. అరచెయ్యంత కన్నం, మంచి రేకు తగిలేదాకా కోసుకుంటూ పోయేసరికి అరిటాకంత అయింది. మిగిలిన పైపై తుప్పుకి "ఇత్తడి బిందెకి పట్టినట్టు చింతపండు పట్టరాదా" అని అమ్మ సలహా, నవ్వాను గానీ ఆవిడ మాటలో కొంత న్యాయం ఉంది, చింతపండులో ఉన్నదీ ఆమ్లమే. నేను ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ పూశాను, ఎర్రటిది నల్లబడింది. 20 గేజ్ రేకు తెచ్చి, ఇసుక మూట మీద పెట్టి కొట్టి వంపు తెచ్చి, అద్దెకి తెచ్చిన మిషన్‌తో వెల్డింగ్ మొదలెట్టాను.

పలచటి రేకుకి వెల్డింగ్ అంటే ఓపిక. ఇక్కడొక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, చెయ్యి పెట్టి చూస్తే వేడి తెలియనంత చల్లారాక మధ్యలో మూడో చుక్క. రెండు రోజులు అలాగే చేశాను. మూడో రోజు కరెంటు రెండుసార్లు పోయింది, చీకటి పడుతోంది, మిషన్‌కి ఇంకో రోజు అద్దె పడుతుందని టెన్షన్, ఇంక నాలుగంగుళాలే కదా అని ఆపకుండా ఒక్క గీత లాగేశాను. రేకు టంగుమని అరిచి, నా కళ్ళముందే అలలు తేలింది. కళింగపట్నం బీచ్ అంతా ఆ మడ్‌గార్డు మీదికొచ్చింది.

మేస్త్రి మావ గోడ దగ్గర్నుంచి లేచి వచ్చి, చేత్తో తడిమి, "తొందరేటి బావు? మీ అక్క పెళ్ళేటి?" అన్నాడు.

నాలుగు సాయంత్రాలు సుత్తితో, రేకు వెనక ఆనించే ఇనుపదిమ్మె డాలీతో మెల్లగా సర్దాం. చాలావరకు దిగింది. అయినా దీపం పక్కనుంచి పెట్టి చూస్తే ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల అల ఇంకా కనిపిస్తోంది. ఇంకా కొడితే రేకు సాగిపోతుందట. మావ రెండు చేతులూ దులుపుకుని చెప్పాడు: "ఇంక సుత్తి పని కాదు. పలసగా పుట్టీ ఎయ్యాల."

కాబట్టి, పుట్టీ గారూ, పైన నువ్వు అని ఉన్న చోటల్లా దయచేసి మీరు అని చదువుకోవలసిందిగా మనవి. ఆవేశంలో రాసిన మాటలు మనసులో పెట్టుకోకండి. మీకు ఈసారి కింద గట్టి రేకుంది, ప్రైమరుంది, కన్నాలన్నీ ఈనెపుల్ల దూర్చి చూసి తెరిపించాను. రెండు మిల్లీమీటర్లకి మించి మీకు శ్రమ ఇవ్వను. వానలు తగ్గాకే రమ్మంటాను. ఈ గాలిలో తేమకి లాక్కర్ పెయింటు కొడితే పాలు విరిగినట్టు తెల్లబడుతుందని ఒక డిక్కీ మూత మీద ఇప్పటికే నేర్చుకున్నాను.

నిన్న షాపుకెళ్ళి ఒక కేజీ డబ్బా అడిగాను. ఒక్క మడ్‌గార్డుకి అది కూడా ఎక్కువే. అయిదు కేజీలది తీసుకుంటే రేటు కలిసొస్తుంది సార్, పాత బళ్ళకి ఎప్పుడూ పనికొస్తుంది అన్నాడు. అయిదు కేజీలదే తెచ్చాను.

ఇట్లు,
తమ పాత పరిచయస్తుడు

తా.క. అటకెక్కించిన పాత పేపర్లు అమ్మేద్దామా అని అమ్మ అడుగుతోంది. కొన్నాళ్ళు ఉండనీ అన్నాను.