ల్యాప్‌టాప్ మార్చొద్దు, డెస్క్‌టాప్ మార్చండి

మా అన్నయ్య కొడుకు బీటెక్ రెండో ఏడు చదువుతున్నాడు. మొన్న సెలవులకు వచ్చి, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నా పక్కన చేరాడు. ‘‘బాబాయ్, నాన్న నీ మాటైతే వింటాడు. 16 జీబీ ల్యాప్‌టాప్ కొనమని చెప్పవా’’ అన్నాడు. ఉన్నదానికి రెండేళ్ళు కూడా నిండలేదు. ఏమైందిరా అంటే చూపించాడు. విండోస్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు లినక్స్, కాలేజీలో ఇచ్చిన ఇమేజ్ (అన్నీ వేసి ఉంచిన డిస్క్ కాపీ). ఆ లోపలి కంప్యూటర్‌కు, అంటే వీఎమ్‌కు (వర్చువల్ మెషీన్), 2 జీబీ ర్యామ్, ప్రాసెసర్‌లో రెండు కోర్లు ఇచ్చాడు. మొత్తం ఉన్నదే 8 జీబీ, అందులో విండోస్, క్రోమ్ తినగా మిగిలేది అంతే మరి. మెనూ నొక్కితే విండోలు బురదలో నడుస్తున్నట్టు కదులుతున్నాయి. ఫ్యాన్ మాత్రం మిక్సీలా మోగుతోంది.

గంట తర్వాత అదే వీఎమ్ హాయిగా నడిచింది. కొత్తగా కొన్నదేమీ లేదు. లినక్స్‌లో మెనూలు, విండోలు, పట్టీలు చూపించే భాగాన్ని డెస్క్‌టాప్ అంటారు, నచ్చినది పెట్టుకోవచ్చు. ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక డెస్క్‌టాప్ ప్యాకేజీ వేసుకుని, ఉబుంటుతో వచ్చే గ్నోమ్‌కు బదులు అందులో లాగిన్ అయ్యాం, అంతే. చిన్న వీఎమ్‌లో ఏ డెస్క్‌టాప్ పెట్టాలని ఎవరడిగినా నా జవాబు ఇదే.

ఈ చర్చ ఎప్పుడొచ్చినా ర్యామ్ లెక్కలతోనే మొదలవుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఇది ఇన్ని ఎంబీలు తింటుంది, అది అన్ని తింటుంది అంటూ పట్టికలు వేస్తారు. అవి చూసి చూసి విసుగొచ్చింది. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే ఆ తేడాలన్నీ కొట్టుకుపోతాయి. అసలు దొంగ వేరే చోట ఉన్నాడు.

2011లో మూడో వెర్షన్ వచ్చినప్పటి నుంచి గ్నోమ్ షెల్ తెర మొత్తాన్ని ఓపెన్‌జీఎల్ అనే గ్రాఫిక్స్ పద్ధతితో గీస్తోంది. ప్రతి విండోనూ ఒక బొమ్మగా తీసుకుని గ్రాఫిక్స్ చిప్ చేత తెర మీద పేర్పిస్తుంది. అసలు మెషీన్‌లో ఆ చిప్ ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. వీఎమ్‌లో అది ఉండదు. త్రీడీ యాక్సెలరేషన్ (అసలు చిప్ సాయాన్ని వీఎమ్‌కు అందించే ఏర్పాటు) లేని వీఎమ్‌లో ఆ చాకిరీ అంతా ఎల్‌ఎల్‌వీఎంపైప్ అనే సాఫ్ట్‌వేర్ నెత్తిన పడుతుంది. అంటే సీపీయూయే గ్రాఫిక్స్ కార్డు వేషం కట్టాలన్నమాట.

ఆ వేషానికి ఎంత ఖర్చవుతుందో చూడండి. 1920×1080 తెరలో 20 లక్షల 73 వేల పిక్సెళ్ళు ఉంటాయి. పిక్సెల్‌కు 4 బైట్ల చొప్పున ఒక్క ఫ్రేమ్ దాదాపు 8 ఎంబీ. సెకనుకు 60 ఫ్రేములంటే దాదాపు 500 ఎంబీ. ఇది ఒక్కసారి రాయడానికే. కింది విండోల్ని చదవడం, నీడలు కలపడం అదనం. ఇదంతా చేయాల్సింది మనం ఇచ్చిన ఆ రెండు కోర్లే. పైథాన్ నడవాల్సిందీ, డేటాబేస్ నడవాల్సిందీ వాటి మీదే. తెర కదలనంత సేపు పెద్దగా తెలియదు, ఎందుకంటే మారిన భాగాన్నే మళ్ళీ గీస్తారు. గ్నోమ్ పై మూలనున్న యాక్టివిటీస్ బటన్ నొక్కగానే విండోలన్నీ కుంచించుకుంటూ పక్కకు జరుగుతాయి చూడండి, అప్పుడు మొత్తం తెర ప్రతి ఫ్రేమ్‌కూ కొత్తదే. మా వాడి ఫ్యాన్ మోగింది అక్కడే. ర్యామ్ 16 జీబీ చేసినా ఈ బాధ పోదు. గీసేది ర్యామ్ కాదు కదా!

ఎక్స్‌ఎఫ్‌సీఈని ఒలివియే ఫూర్‌దాన్ 1996లో మొదలుపెట్టాడు. దానికీ కాంపోజిటర్, అంటే ఇలా విండోల్ని కలిపి గీసే భాగం, ఉంది, కానీ ఆపేసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో విండో మేనేజర్ ట్వీక్స్‌కు వెళ్ళి, కాంపోజిటర్ ట్యాబులో టిక్ తీసేస్తే సరి. నీడలు పోతాయి, పారదర్శకత పోతుంది, విండో లాగేటప్పుడు అంచు కాస్త చిరిగినట్టు కనిపిస్తుంది. పోనివ్వండి. గ్నోమ్‌లో అలాంటి టిక్కే లేదు. త్రీడీ లేని మెషీన్ల కోసం ఉంచిన ఫాల్‌బ్యాక్ మోడ్‌ను కూడా 2013లో 3.8 వెర్షన్‌తో పీకేశారు. సైబర్ సెక్యూరిటీ నేర్చుకునే మన కుర్రాళ్ళు వీఎమ్‌లో వేసుకునే కాలీ లినక్స్ సంగతి చూడండి. 2019 నవంబరులో అది గ్నోమ్‌ను పక్కనపెట్టి ఎక్స్‌ఎఫ్‌సీఈని డిఫాల్ట్ చేసుకుంది.

ఎల్‌ఎక్స్‌డీఈ అనే మరో డెస్క్‌టాప్ ఇంకా తేలిక అనేవాళ్ళు పాత సలహానే తిప్పి తిప్పి చెబుతున్నారు. అది జీటీకే 2 (బటన్లు, మెనూలు గీసే లైబ్రరీ) మీద కట్టిన ఇల్లు. 2020 డిసెంబరులో జీటీకే 4 రాగానే ఆ పునాదికి కాలం చెల్లింది. దాన్ని పుట్టించిన హాంగ్ జెన్ యీ స్వయంగా 2013లోనే క్యూటీ అనే మరో లైబ్రరీ వైపు మళ్ళాడు. అలా వచ్చిన ఎల్‌ఎక్స్‌క్యూటీ మంచిదే, ఎవరైనా అది పెట్టుకుంటానంటే నేను పోట్లాడను. ఐస్‌డబ్ల్యూఎం, ఓపెన్‌బాక్స్ లాంటి వట్టి విండో మేనేజర్లు నిజంగానే ఈకంత తేలిక, కానీ వాటిని మనకు అనువుగా మలచుకోవడానికి ఒక ఆదివారం ధారపోయాలి. తెలుగు టైపింగ్ సంగతే తీసుకోండి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో కీబోర్డు సెట్టింగ్స్ తెరిచి లేఅవుట్‌లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీల అమరిక వచ్చేస్తుంది. వట్టి ఓపెన్‌బాక్స్‌లో అయితే కమాండ్ వెతుక్కుని, స్టార్టప్ ఫైల్లో రాసుకోవాలి. వంద ఎంబీల కోసం ఆ తిప్పలు నాకొద్దు.

దీనికి ఎదురు వాదన లేకపోలేదు. వర్చువల్‌బాక్స్‌లో త్రీడీ టిక్ పెట్టి, వీడియో మెమరీ 128 ఎంబీకి పెంచితే గ్నోమ్ కూడా నడుస్తుందంటారు. కొన్ని మెషీన్లలో నడుస్తుంది, కొన్నింట్లో నల్ల తెర పలకరిస్తుంది. అసలు డెస్క్‌టాపే ఎందుకు, బయటి నుంచి కమాండ్లతో నడిపే ఎస్‌ఎస్‌హెచ్ చాలదా అంటారు ఇంకొందరు. సర్వర్ నడిపేవాడికి చాలు. నిన్నగాక మొన్న లినక్స్ మొహం చూసిన పిల్లాడికి చాలదు.

మధ్యలో ఒక మాట. వర్చువల్‌బాక్స్ విండో కింది పట్టీలో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనిపిస్తే నా సలహా సహా ఏ సలహా పనిచేయదు. వీఎమ్‌లను వేగంగా నడిపించే ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్‌ను విండోస్ వాళ్ళ సొంత వీఎమ్ సాఫ్ట్‌వేర్ హైపర్-వీ తన గుప్పిట్లో పెట్టుకుందని దానర్థం. ముందు దాని సంగతి చూడండి.

ఇంతకీ నా కోపం మా వాడి మీద కాదు, గ్నోమ్ మీద కూడా కాదు. ఆ ఇమేజ్ తయారుచేసిన మనిషి మీద. ఉబుంటు 24.04 డెస్క్‌టాప్‌కు 4 జీబీ ర్యామ్ కావాలని దాన్ని తయారుచేసే కెనానికల్ కంపెనీయే రాసింది. దాన్ని ఉన్నదున్నట్టు ఇమేజ్‌లో కూరి, ‘విద్యార్థులకు 16 జీబీ ల్యాప్‌టాప్ తప్పనిసరి’ అని కింద ఒక లైను చేర్చారు. క్లాసులో అరవైమంది ఉంటే ఆ ఒక్క లైను అరవై ఇళ్ళలో ఖర్చు పుట్టిస్తుంది. ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి మెమరీ చిప్పుల ధరలు మండుతున్న రోజులివి. 2025 డిసెంబరులో మైక్రాన్ కంపెనీ, మామూలు కొనుగోలుదార్లకు ర్యామ్ అమ్మే తన క్రూషల్ వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఇలాంటప్పుడు ఒక డెస్క్‌టాప్ ప్యాకేజీ పేరు మార్చడానికి బద్ధకించి ఆ భారం తండ్రుల మీదకు నెట్టడం ఏం న్యాయం?

సాఫ్ట్‌వేర్ బరువెక్కే వేగాన్ని హార్డ్‌వేర్ అందుకోలేకపోతోందని పాస్కల్ భాషను సృష్టించిన నిక్లాస్ విర్త్ 1995లోనే మొత్తుకున్నాడు. రాసేవాడి బల్ల మీద పెద్ద మెషీన్ ఉన్నంతకాలం ఆ బరువు వాడికి తెలియదు. కేరళ తన బడుల కోసం సొంతంగా ఒక లినక్స్ తయారుచేయించుకుంది. మన కాలేజీలను అంత అడగడం లేదు. ఇమేజ్ పంచే ముందు క్లాసులో అందరికన్నా పాత ల్యాప్‌టాప్ తెచ్చి, అందులో ఒక్కసారి నడిపి చూడమంటున్నాను.

ఆ రాత్రే అన్నయ్యకు ఫోన్ చేసి, కొత్త ల్యాప్‌టాప్ అక్కర్లేదని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: ‘‘మరి కాలేజీ వాళ్ళు తప్పనిసరి అని ఎందుకు రాశార్రా?’’