స్మోక్ డిటెక్టర్ అల్లుడుగారికి ఒక విన్నపం

మహారాజశ్రీ స్మోక్ డిటెక్టర్ గారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ కింద మేమంతా క్షేమం. అక్కడ పైన, ఎనిమిదడుగుల ఎత్తులో, తమరూ క్షేమమేనని మీ నుదుటి మీది పచ్చ దీపం చెబుతోంది. ఆ పచ్చ రంగు కోసం, అంటే గ్రీన్ కార్డు కోసం, ఈ ఇంట్లో పన్నెండేళ్లుగా క్యూలో ఉన్నవాళ్లున్నారు. మీకు పుట్టుకతోనే వచ్చింది. దిష్టి తగలకుండా చూసుకోండి.

సంక్రాంతికి అత్తారింటికి వచ్చిన కొత్త అల్లుణ్ని పల్లెత్తు మాట అనకూడదంటారు. ఆయన ఎత్తయిన చోట కూర్చుంటాడు, పూచికపుల్ల తీసి అవతల పెట్టడు, ఇల్లంతా వంటింట్లో చెమటోడుస్తుంటే దేనికో ఒకదానికి అలుగుతాడు. అలిగితే వీధి వీధంతా తెలియాలి. మా ఇంట్లో ఆ పదవి, కాస్త పొగ సోకితే చాలు కూత అందుకునే మీది. అమెరికాలో, మినియాపొలిస్ శివార్లలో ఈ అపార్ట్‌మెంట్ చూడ్డానికి వచ్చిన రోజునే మేం గమనించాల్సింది: పొయ్యికీ మీకూ మధ్య ఆరంటే ఆరడుగులు. ఇది కట్టినవాడు జన్మలో ఇంగువ వాసన చూసి ఉండడు.

మీ అభిరుచులు ఏమిటో ఇప్పటికీ అంతుపట్టలేదు. ఎదురింటాయన పొద్దున్నే బేకన్ వేయిస్తే ఆ కమురు మా దుప్పట్లదాకా వస్తుంది. ఆయన ఇంటి కప్పుకి ఉన్న మీ తోబుట్టువు కిమ్మనదు. మేం పప్పులోకి రెండు ఎండుమిరపకాయలు వేస్తే చాలు, మీకు పూనకం. తలుపు చాటున తువ్వాలు పట్టుకుని విసరడానికి ఒక మనిషిని కేటాయించుకుని తాళింపు వేసుకునే జాతి ప్రపంచంలో మాదొక్కటేనేమో. పొయ్యి మీద పొగ లాగే ఫ్యానుంది కదా అంటారు. ఉంది. మొహం ముందు పొగ పీల్చి, నెత్తి మీంచి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఆ ఫ్యానుకి వేరే ఉత్తరం రాస్తాను.

అసలు విషయానికొస్తాను. ఇక్కడ సూర్యుడు మకరరాశిలోకి ప్రవేశించేది సాధారణంగా శనివారం మధ్యాహ్నం, అందరికీ కుదిరిన టైముకి. పండగ బుధవారం వచ్చినా గురువారం వచ్చినా మాకు వారాంతంలోనే తెల్లవారుతుంది. కానీ 2024 అలాంటిది కాదు. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ పేరిట వచ్చే సెలవు ఆ ఏడు సరిగ్గా 15న, అంటే సంక్రాంతి నాడే పడింది. ఆదివారం భోగి. లీవు పెట్టకుండా, మేనేజరుకి మకర సంక్రమణం గురించి వివరించకుండా, పండగని పండగ నాడే చేసుకునే యోగం! నాలుగు కుటుంబాలూ శనివారమే మా ఇంట్లో దిగిపోయాయి. తెనాలి వదిన అరిసెల పిండితో వచ్చింది. వరంగల్ అక్క సకినాలు చుట్టడానికి తెల్ల పంచె, నువ్వులు, వాము తెచ్చుకుంది. అనంతపురం తమ్ముడు పేపర్ ప్లేట్లు, రెండు లీటర్ల కోక్ తెచ్చాడు. ఎవరింటి నుంచి ఏం తేవాలో రాసుకునే పాట్‌లక్ షీటులో బ్రహ్మచారులకి ఎప్పుడూ అదే వరస.

పాకం దగ్గరే గంట గడిచింది. భీమవరం నుంచి అమ్మ వీడియో కాల్‌లో ఉంది, ఫోను ఉప్పు డబ్బాకి ఆనించి ఉంది. మాకు శనివారం సాయంత్రం ఆరు, వాళ్లకి ఆదివారం తెల్లవారుజాము అయిదున్నర. అమ్మ వెనకాల వీధిలో భోగి మంట లేస్తోంది. పాత కుర్చీ ఒకటి తలకిందులుగా కాలుతోంది. వదిన పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూపించింది. "ఇంకా లేతగా ఉందే, ఇంకో పొంగు రానీ" అని అమ్మ పదమూడు వేల కిలోమీటర్ల అవతల్నుంచి తీర్పు చెప్పింది.

మొదటి నాలుగు అరిసెలూ బాగానే వచ్చాయి. నూనె వత్తడానికి అరిసెల చెక్కలు లేవు. అయిదోదాన్ని వదిన చిల్లుల గరిటె మీదికి తీసి, పైన ఇంకో గరిటె పెట్టి గట్టిగా అదిమింది. వత్తిన నూనె ముప్పాతిక మూకుడులోకే పోయింది. మిగిలింది మూకుడు అంచు మీంచి ఎర్రగా కాలుతున్న కాయిల్ మీదికి జారింది. చుయ్యిమంది. సన్నగా, నీలంగా ఒక పొగ పాయ లేచి, ఎవరో దారి చెప్పినట్టు సూటిగా తమ సన్నిధికి వచ్చింది.

మీరు అలిగారు. 85 డెసిబెల్స్‌ట. పసివాళ్లు చెవులు మూసుకుని మంచాల కిందికి దూరారు. అనంతపురం తమ్ముడు కుర్చీ ఎక్కి పేపర్ ప్లేటుతో మీకు వింజామర వీచాడు. (ఆ ప్లేట్లు వాడకంలోకి వచ్చింది ఆ ఒక్కసారే. మావిడ అందరికీ స్టీలు కంచాలే పెట్టింది.) కిటికీలు చలికి బిగుసుకుపోయి తెరుచుకోలేదు. అప్పుడు ఎవరో పొగ పోతుందని వీధి తలుపు తీశారు. ఎవరన్నది ఇప్పటికీ తేలలేదు. నేను కాదు.

తలుపు తియ్యకూడదని ఇక్కడ పదేళ్లున్న ప్రతి తెలుగువాడికీ తెలుసు. మీరు అలిగితే మా ఇల్లొక్కటే వింటుంది. కారిడార్‌లో ఉన్న మీ పెద్దన్నగారు అలిగితే మూడంతస్తులూ వినాలి, ఫైరింజన్ కూడా రావాలి. వచ్చింది.

మైనస్ 20 డిగ్రీల చలిలో బిల్డింగ్ మొత్తం పార్కింగ్ లాట్‌లో నిలబడింది. కంబళ్లు, చెప్పుల్లో ఉత్త కాళ్లు, బుట్టలో ఒక పిల్లి. మా పిల్లలు పట్టు పరికిణీల మీద స్నోకోట్లు. వరంగల్ అక్క చేతిలో పిండి ఆరకుండా తడిగుడ్డ కప్పిన గిన్నె. ప్రాణం పోయినా సకినాల పిండి లోపల వదిలి రానంది. అంతా వలయంగా మూగి, ఫైరింజన్ ఎర్ర లైటు మొహాల మీద పడుతుంటే చేతులు రుద్దుకుంటున్నాం. ఫోను ఇంకా నా చేతిలోనే ఉంది, కాల్ కట్ కాలేదు. అమ్మ మెల్లగా అంది: "మీరూ భోగి మంట వేసుకున్నార్రా? బాగా పెద్దదే వేసినట్టున్నారు. జనం కూడా బానే వచ్చారు."

అవునన్నాను. ఇంకేమంటాను?

మన్నించాలి, ఇంకొకటి. ఆదివారం భోగిపళ్లు పోశాం, రేగిపళ్ల బదులు క్రాన్‌బెర్రీలు, చిల్లర బదులు అమెరికా క్వార్టర్ నాణేలు. మీరు పలకలేదు. సోమవారం గారెలు వండాం, పలకలేదు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, మేం మాత్రం మంగళవారం పొద్దున్న ఎనిమిదికి లాప్‌టాప్‌ల ముందున్నాం. ఆ తెల్లవారుజామున మూడింటికి, ఇల్లు ఖాళీ అయ్యి నిద్రపట్టిన వేళ మొదలెట్టారు: కిచ్. నిమిషానికోసారి. కిచ్. బ్యాటరీ అయిపోతోందట. కొత్త అల్లుడు వెళ్లేటప్పుడు బట్టలు పెట్టలేదని గొణిగినట్టు.

కుర్చీ ఎక్కి మిమ్మల్ని తిప్పి విప్పాను. వీపు మీద రాసింది చదివాను. మీ కడుపులో కాస్త అమెరీషియం 241 అనే రేడియోధార్మిక పదార్థం ఉందట. దాని అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 432 ఏళ్లట. మా మునిమనవలు అరిసె అన్న మాట మర్చిపోయే నాటికి కూడా సగానికి పైగా మిగిలే ఉంటుంది. సంతోషం. ఆ కింది వరుసే నా ఒళ్లు మండించింది: పదేళ్లకి మార్చవలెను. తయారీ 2012. అంటే తమరు రిటైరై రెండేళ్లవుతోంది! ఉద్యోగంలో లేకుండానే ఆ రాత్రి అంత హడావుడి చేశారు.

లీజింగ్ ఆఫీసుకి వెళ్లి ఇదే చెప్పాను. అక్కడి అమ్మాయి ఫైలు తీసి చూసి నవ్వింది. "13వ తేదీ రాత్రి బిల్డింగంతా చూశాం కదండీ, బ్రహ్మాండంగా పనిచేస్తోంది" అంది.

కొత్త బ్యాటరీ వేశాను. పచ్చ దీపం వెలుగుతోంది.

ఇట్లు,
మీ కింద బతికేవాడు

తా.క.: ఫ్రీజర్‌లో ఇంకా సగం డబ్బా చలిమిడి ఉంది. శనివారం తీస్తాం. ముందే చెప్తున్నాను.